అల్వా వేలెత్తలేదు

మా అన్న అల్వా చివరిసారిగా చేసిన మామూలు పని, పొద్దుటి ప్రార్థనకు కాలేజీ గంట కొట్టడం. ఫీజు కట్టలేడని ఆ పని అతనికిచ్చారు. కొట్టేసి, బూట్ల మంచు దులుపుకుని, విద్యార్థులకు నేను వండిపెట్టే ఇంటికి వచ్చాడు. మొక్కజొన్న జావ ముందు పెట్టుకుని తల పట్టుకున్నాడు.

"నీ ఒళ్లు కాలిపోతోంది అన్నయ్యా!" అన్నాను.

"నరకం మంటకు ఇప్పట్నుంచే అలవాటు కానీయవే" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ చలికాలం మా మసాచుసెట్స్ కొండల్లో ఉజ్జీవం, అంటే ఊరూరా భక్తి ఉద్యమం, నడుస్తోంది. గ్రీకు, తర్కం పక్కనపెట్టి కాలేజీ అంతా మోకాళ్ల మీదే ఉంది. మనసు మారినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పి సంఘంలో చేరుతున్నారు. మారనివాళ్ల కోసం స్నేహితులు పక్క గదిలో చేరి, పేరు పెట్టి, గొంతెత్తి ప్రార్థించేవారు. మధ్యలో ఉన్నది చెక్క గోడ. అల్వాకు తన పేరు వినపడుతూనే ఉండేది.

"ఒరేయ్ లెవీ, దేవుడికి నా పేరు ఈపాటికి కంఠతా వచ్చేసుంటుంది. రేపు లెక్కలు అప్పజెప్పాలిరా!" అని గోడ తట్టేవాడు.

"నవ్వు, నవ్వు. నరకంలో ఎవరితో నవ్వుతావో చూస్తా" అని అటునుంచి అతని స్నేహితుడు లెవి ఏడ్చేవాడు. అతనికి అల్వా అంటే ప్రాణం.

అల్వాది ధైర్యం కాదు. ఒకసారి పెరట్లో కట్టెలు కొడుతూ గొడ్డలి ఆపాడు.

"కెజీ, సువార్త ప్రతి మాటా నిజమేననిపిస్తుంది. వాళ్లు చెప్పే ఆ ఊరట మాత్రం నాకు కలగలేదు. కలిగిందని అబద్ధం చెబితే ఏమవుతానో!"

"అమ్మ కోసమైనా చెప్పేయరాదూ?"

"అమ్మ కోసమే చెప్పడం లేదే." మళ్లీ గొడ్డలి ఎత్తాడు.

గంట కొట్టిన రోజు పట్టిన జ్వరం తగ్గలేదు. రెండోవారానికి మాట పడిపోయింది. అమ్మకు కబురు పెడితే మంచుబండి మీద వచ్చింది. ఆ మధ్యాహ్నం చర్చి పాదిరి అయ్యగారూ వచ్చారు. మాట పోయినవాణ్ణి రక్షణ నిరీక్షణ, అంటే దేవుడు రక్షిస్తాడన్న ఆశ, ఉంటే వేలెత్తమని అడగడం మా ఆనవాయితీ. ఆ వేలు లేస్తే ఇంటివాళ్లు బతికినన్నాళ్లూ ధైర్యంగా ఉంటారు.

అయ్యగారు అతని చెవి దగ్గరకు వంగి మెల్లగా అడిగారు. "అల్వా, క్రీస్తులో నిరీక్షణ ఉందా నాయనా? ఉంటే వేలెత్తు."

అల్వా కళ్లు తెరిచే ఉన్నాయి. అమ్మ ముఖాన్నే చూస్తున్నాడు. దుప్పటి మీది చెయ్యి కదల్లేదు.

"ఎత్తరా, ఒక్క వేలు, నీకు దణ్ణం పెడతాను" అని లెవి గుసగుసగా బతిమాలాడు.

అంతలో కాలేజీ గంట మోగింది. ఎవరో కొత్తవాడు అడ్డదిడ్డంగా కొడుతున్నాడు. అలా కొడితే పళ్లు నూరే మా అన్న రెప్ప కూడా కదపలేదు. అప్పుడే మా వాణ్ణి దేవుడు విడిచిపెట్టేశాడని నమ్మాను.

పొద్దు గుంకకముందే పోయాడు. సమాధి ప్రసంగంలో అయ్యగారు ఆ వేలు సంగతే చెప్పారు. భయంతో కుర్రాళ్లు వెక్కివెక్కి ఏడ్చారు. అమ్మ ఏడవలేదు. ఆ తర్వాత ఆమె పొయ్యి దగ్గర కూర్చునేది కాదు. మంచు కరగకముందే మంచం పట్టింది. "వాడున్నచోట చల్లగాలి తగులుతుందంటావా కెజీ?" అన్నదే నాతో ఆఖరి మాట.

అమ్మను పాతిపెట్టి వచ్చేసరికి లెవికి అదే జ్వరం. అతను గట్టెక్కుతున్నాడని డాక్టరుగారు చెప్పారు. జావ తాగుతావా అని అడిగితే లెవి పలకలేదు. నా ముఖంకేసి చూస్తూ ఉండిపోయాడు.

"గట్టిగా అరిచినా లాభం లేదమ్మా" అన్నారు డాక్టరుగారు, సంచీ సర్దుకుంటూ. "ఈ జ్వరంలో కొందరికి చెవులు మూసుకుపోతాయి. బతికినవాళ్లకు మళ్లీ వస్తాయిలే. మీ అన్నకూ అంతేగా. ఆ చివరిరోజు పొద్దున నా గడియారం అతని చెవికి ఆనించి చూశాను, అతనికి ఏమీ వినపడలేదు పాపం."