గోడ మీద మిగిలిన అప్పగింత

మొన్న వంటింటికి రంగు వేయడానికి వచ్చిన మేస్త్రి, నీళ్ల బిందె పైన గోడకు అంటుకొని ఉన్న పాత చీటీని గీకబోతుంటే, నాకు తెలియకుండానే చేయి అడ్డం పెట్టాను. దాని మీద మూడు వరసలు: ఇంగ్లీషులో ఎన్‌ట్రస్ట్, కింద జర్మనులో ఆన్‌ఫెర్‌ట్రావెన్, ఆ కింద నా వంకర అక్షరాలతో ‘నమ్మి అప్పగించు’.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, పాలమూరులో నర్సుగా చేస్తున్న మా చెల్లెలి బిడ్డ, జర్మనీలో కొలువుకని ఆ భాష నేర్చుకుంటూ మా ఇంట్లోనే ఉండేది. ఒకసారి పరీక్ష తప్పింది. రెండోసారీ తప్పితే ఆ కొలువు వేరొకరికి పోతుందన్నారు. అందుకని ఇంగ్లీషు మాట, జర్మను మాట చీటీల మీద రాసి, అన్నం మెతుకులతో ఇల్లంతా అంటించేది. బడి ముఖం చూడకుండా బాపు దగ్గరే అక్షరాలు దిద్దుకున్న నాకు తెలుగు అర్థం రాసే పని ఇచ్చింది. ఆ గౌరవానికి ఇప్పటికీ దేవునికి దండం పెట్టుకుంటాను.

ఈ ఆన్‌ఫెర్‌ట్రావెన్ ఒక్కటి మాత్రం దానికి పట్టుబడలేదు. డ్యూటీ దిగేటప్పుడు రోగుల కాగితాలు పక్క నర్సుకు ఇవ్వడానికి వాడే యూబర్‌గేబెన్ అన్న మాటే నోటికొచ్చేది. “రెండూ ఇచ్చుడే గదా పెద్దమ్మా!” అని విసుక్కునేది.

అప్పుడు చెప్పాను, మా అత్తమ్మను దవాఖానలో చేర్పించిన నాటి సంగతి. నన్ను లోపలికి రావద్దంటే ఏం చేయాలో తోచక, పెండ్లి అప్పగింతల్లో బిడ్డ చేతిని అత్తగారి చేతిలో పెట్టినట్టు, అత్తమ్మ చేతిని నర్సమ్మ చేతిలో పెట్టి, “ఇగ నీదే భారం బిడ్డా” అన్నాను. “ముసలమ్మకు మల్ల పెండ్లి చేస్తున్నవా?” అని వరండాలోని వాళ్లు నవ్వారు. నర్సమ్మ నవ్వలేదు, కలం పక్కన పెట్టి, రెండు చేతులతో అందుకుంది. వారం తర్వాత అత్తమ్మను నడిపించుకొచ్చి, అదే చేతిని తిరిగి నా చేతిలో పెట్టింది.

మా పిల్ల లేచి, ఆ చీటీని కొత్తగా రాసి, తెలుగు మాట నాతోనే రాయించి అంటించింది. మాట మరి మరవలేదు, పరీక్షా గట్టెక్కింది.

వెళ్లేనాడు విమానాశ్రయం గుమ్మం ముందు దాని చేయి పట్టుకొని నిలబడ్డాను. ఎవరి చేతిలో పెట్టాలో తెలియలేదు. “ఫికర్ చెయ్యకు పెద్దమ్మా, ఇగ అక్కడి ముసలోళ్లను నాకే అప్పజెప్తరు” అంటూ అదే మెల్లగా విడిపించుకుంది.

మన రోజుల్లో బిడ్డను పంపితే, అందుకునే చేయి ఎదురుగా కనబడేది. ఇప్పుడు అద్దం తలుపు దానంతటదే మూసుకుంటుంది. రోజూ దీపం పెట్టి, కనబడని చేతికే మా పిల్లను అప్పగించుకుంటున్నాను. మేస్త్రి మంచివాడు, చీటీ చుట్టూ రంగు వేసి వెళ్లాడు.