మెట్ల మీది నుంచి పడే పని

మూగ సినిమాలు తీసే ఆ కంపెనీలో ఆడ పాత్ర మెట్ల మీది నుంచి దొర్లిపడాలంటే మగవాడే గౌను తొడుక్కుని దొర్లేవాడు. "మగాడు పడితే నవ్వొస్తుంది, ఆడది పడితే జాలేస్తుంది," అనేవాడు డైరెక్టరు. ఆయన మాటకు తిరుగులేదు.

అలా దొర్లేవాడు దర్జీ మొగుడు. దర్జీ అంటే ఆవిడే. గౌన్లు కుట్టేది, లోపల మోకాళ్ళ దగ్గర దూది మెత్తలు పెట్టేది. అంతటితో ఊరుకోలేదు. ఇంట్లో పరుపు పరిచి మొగుడికి పడడం కూడా నేర్పింది. అతనేమో పడబోతూ ముందు గోడ పట్టుకునేవాడు.

"గోడ కాదయ్యా! గౌనేసుకున్నది ముందు దాని అంచు పట్టుకుంటుంది. ఈలోగా గోడ చెయ్యి దాటిపోతుంది. నవ్వంతా అక్కడే ఉంది," అని చేసి చూపించేది. చూపించినప్పుడల్లా, ఈ పని నాది కదా అని ఆవిడ కడుపు మండేది.

ఒకనాడు అతని చీలమండ బెణికింది.

"నేను పడతానండీ," అంది దర్జీ.

"నువ్వా? సూది చూసుకో తల్లీ," అన్నాడు డైరెక్టరు.

ఇక అడిగి లాభం లేదు. మర్నాడు మొగుడి విగ్గూ గౌనూ తగిలించుకుని, తల దించుకుని మెట్లెక్కింది. బట్టల గది గుమ్మంలోంచి మొగుడు గుడ్లప్పగించి చూశాడే గాని నోరు మెదపలేదు. అంతమటుకు మంచివాడే.

"కాలు నయమైందే! కానీయ్," అన్నాడు డైరెక్టరు.

పడింది. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. అప్పుడు విగ్గు తీసింది.

నవ్వు టక్కున ఆగింది. "అయ్యో, దెబ్బ తగిలిందా అమ్మా?" అని ఒకడు మంచినీళ్ళు తెచ్చాడు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

"నీళ్ళొద్దు. నవ్వింది నేను పడినందుకా, మగాడు పడ్డాడనుకునా?"

జవాబు కోసం ఆగకుండా, సొంత జుట్టుతోనే మళ్ళీ ఎక్కి పడింది. అన్నీ జాలి మొహాలే. తీరా గోడ చెయ్యి దాటేసరికి, కెమెరా పిడి తిప్పే పెద్దాయన ఫక్కున నవ్వి తిప్పడమే మరిచిపోయాడు. చెయ్యి ఆగితే ఫిల్ము ఆగినట్టే.

"ఏమయ్యా, ఆపేశావేం?" డైరెక్టరు అరిచాడు గాని, ఆయన పెదాలూ అదుపులో లేవు.

"నవ్వాగలేదండీ."

డైరెక్టరు ఆవిడ వైపు తిరిగాడు. "మళ్ళీ పడగలవా?"

"మీరు తీసినన్ని సార్లు."

"అయితే ఈసారి కెమెరా వైపు తిరిగి పడు. మీ ఆయనకి మీసాలున్నాయని వీపే తీసేవాళ్ళం. నీకు మొహం దాచుకోవాల్సిన పనేముంది?"

ఆ సంగతి ఆవిడకి అంతవరకూ తట్టనేలేదు. కొంగుకి బదులు గౌను చేతితోనే మొహం తుడుచుకుని, మెట్లెక్కింది.