గంగారాం ఉస్తాద్: అమ్ముడుపోని పట్టు

బడి మైదానంలో పిల్లలను ప్రార్థనకు వరుసలో నిలబెడుతుండగా నా తోటి పహిల్వాన్ పోశెట్టి ఫోన్ చేశాడు. "ఉస్తాద్ పోయిండురా నర్సింలూ" అన్నాడు. ఏ ఉస్తాద్ అని నేను అడగలేదు. మా ఇద్దరికే కాదు, ఈ జిల్లాలో మట్టిలో దిగి కుస్తీ నేర్చిన ఎందరికో ఆ మాటకు ఒక్కటే అర్థం. అయినా బుద్ధి ఆ వార్తను ఒప్పుకోలేదు. ముందురోజు సాయంత్రమే కదా, మా కుస్తీ తాలీం దగ్గర ఒరిగిపోయిన గుంజను తనే పీకి తిన్నగా పాతాడు! నేను సాయం పట్టబోతే, "ఆగు బిడ్డా, నేనింక సావలే" అని నవ్వాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. డెబ్బై దాటిన ఆ వజ్రకాయం ఎవరి చేతా ఒక్క పూట సేవ చేయించుకోకుండానే నిష్క్రమించింది.

నిజామాబాద్ పాతబస్తీలో ఆయనను ఎరుగనివారు అరుదు. ఎరుగవలసినవారు మాత్రం చాలామంది ఉన్నారు, ముఖ్యంగా ఇప్పటి యువకులు. వారి కోసమే ఈ రాత.

గంగారాం ఉస్తాద్ బోధన్ దగ్గరి పల్లెలో, చెరకు నరికే కూలీల ఇంట జన్మించాడు. నిజాంసాగర్ కాలువ ఆ ఊరి పొలాలన్నింటినీ తడిపినా ఆ ఇంటికి గుంటెడు భూమి లేదు. తండ్రి గతించాక తల్లి రాజవ్వ కొడవలి పట్టి ఒక్కగానొక్క కొడుకును పెంచింది. యౌవనంలో ఆయన నిజామాబాద్ వచ్చి పసుపు మార్కెట్‌లో హమాలీగా చేరాడు. పగలు బస్తాలు మోసేవాడు, ఉదయసాయంత్రాలు తాలీంలో సాధన చేసేవాడు. తాలీమంటే భవనమేమీ కాదు. రేకుల కప్పు కింద జల్లించిన ఎర్రమట్టి, ఆ మట్టిలో కలిపిన పసుపూ నూనే మజ్జిగా, మూలన హనుమంతుడి పటం. అంతే. ఆ మట్టిలోంచే, బోధన్ జాతరలు మొదలుకొని మంజీర అవతల మరాఠీ పల్లెల దాకా పేరు మోగిన మల్లుడు ఆవిర్భవించాడు.

ఆయన జీవితాన్ని తీర్చిదిద్దిన ఘట్టం ఆయన గెలుపు కాదు, ఓటమి. దాన్ని ఆయన నోటనే విన్నాను.

బోధన్ వైపు ఒక జాతరలో ఆఖరి కుస్తీ. గెలిచినవాడికి వెండి కడెం. ప్రత్యర్థి సరిహద్దు అవతలి బాబూరావ్ పహిల్వాన్. జనమంతా గంగారాం పక్షాన ఉన్నారు, పందేలన్నీ గంగారాం మీదే కాశారు. బరిలో దిగడానికి ముందురోజు పందేలు కట్టించుకునే పందెంగాళ్లు ఇద్దరు ఊళ్లోని ఇంటికి వచ్చారు. కాలువ కింద పారే రెండెకరాలు రాసిస్తామన్నారు. చేయవలసింది స్వల్పం: సగం కుస్తీ అయ్యాక వీపు మట్టికి ఆనించాలి.

భూమి లేని ఇంటికి భూమి! ఆయన తల్లి వైపు చూశాడట. రాజవ్వ ఆ పూటంతా చెరకు నరికి వచ్చి అరచేతులకు నూనె రాసుకుంటోంది. తలెత్తకుండానే అన్నది:

"ఈపుకు మన్నంటితే కడుక్కోవచ్చు కొడుకా. మనుసుకంటితే ఏ నీళ్లతోని కడుగుతవ్?"

పందెంగాళ్లు లేచిపోయారు. మరునాడు గంగారాం తన శక్తినంతా ధారపోసి పోరాడాడు. పోరాడి, ఓడిపోయాడు! బాబూరావ్ ఆనాడు ఆయనకంటే బలవంతుడు, అంతే. న్యాయంగా పట్టాడు, న్యాయంగా పడేశాడు. కానీ పందెంగాళ్లు ఇంటికి వచ్చిపోయిన సంగతి ఊరందరికీ అప్పటికే తెలుసు. అడిగితే పందెంగాళ్లు కూడా నవ్వి ఊరుకున్నారు, కాదనలేదు. "అమ్ముడువోయిండు! గంగారాం అమ్ముడువోయిండు!" అని జనం కేకలు వేశారు. ఎవరో చెప్పు విసిరారు. ఆ అరుపుల మధ్య నుంచి ఆయన తల్లి చేయి పట్టుకుని ఇంటికి నడిచాడు. భూమి రాలేదు, కడెం రాలేదు, ఉన్న పేరూ పోయింది.

"గప్పుడు ఏడ్సినవా ఉస్తాద్?" అని అడిగాను.

"ఎందుకేడుస్త? ఏడిస్తే ఓడినందుకేడవాలె, లేకుంటే అమ్ముకున్నందుకేడవాలె. ఓడుడు కుస్తీల ఉన్నదే. రెండోది నేను జేయనే లేదాయె."

మర్నాడు యథాప్రకారం బస్తాలు మోయడానికి మార్కెట్‌కు వెళ్లాడు. సాటి హమాలీలు కొందరు మాట్లాడలేదు. ఆయన సంజాయిషీ చెప్పలేదు, ప్రమాణాలు చేయలేదు. సాధన మాత్రం రెట్టింపు చేశాడు. మరుసటి ఏడు అదే జాతరలో ఆయనను బరిలో దిగనీయవద్దని పెద్దలు పట్టుబట్టారు. అప్పుడు బాబూరావే లేచి బరి మధ్యకు వచ్చి, తన ఎడమ భుజం చరిచి చూపిస్తూ, సగం మరాఠీలో సగం తెలుగులో అన్నాడట: "హా విక్లేలా నాయ్! ఈయన అమ్ముడుపోలే. ఈయన పట్టుకు ఆర్నెల్లు నా చెయ్యి లేవలే. అమ్ముకున్నోడు గిట్ల కుస్తీ పడ్తడా?"

కొందరు నమ్మారు. కొందరు చివరిదాకా నమ్మలేదు. తన ఊళ్లోనే నమ్మని ముసలివాళ్లు నిన్నమొన్నటి దాకా ఉన్నారు. వాళ్లు ఎదురైనా ఆయన, "రాం రాం కాకా, బాగున్నవా?" అని పలకరించే ముందుకు సాగేవాడు. తన మర్యాదకు లోకం సాక్ష్యాన్ని కోరని మనిషిని నేను మరొకరిని చూడలేదు.

వయసు మళ్లాక ఆ తాలీంకు ఆయనే గురువయ్యాడు. రుసుము లేదు. ఇచ్చేవాడు ఒక సీసా నూనె ఇచ్చేవాడు, లేనివాడు మట్టి జల్లించేవాడు. హిందువుల పిల్లలూ ముస్లింల పిల్లలూ ఒకరి చెమట ఒకరి మీద రాలుతుండగా పెరిగాం. కోపంతో పట్టు పడితే వెంటనే బయటికి పంపేవాడు. "కోపమొస్తే బయట గుంజీలు దియ్యి. మట్టిల బుద్ధి ఉండాలె" అనేవాడు. నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ణయ్యాక మొదటి జీతంతో శాలువా కొని తీసుకెళితే, దాన్ని తీసుకుని నా ముందే భార్య సాయవ్వ భుజాల మీద కప్పాడు. "నన్ను సాదింది ఈమెనే. నువ్వు మొక్కేదుంటే ఈమెకు మొక్కు" అన్నాడు. అది అక్షరసత్యం. హమాలీ పని మానేశాక ఆ ఇల్లు నడిచింది సాయవ్వ చుట్టే బీడీలతోనే.

ఇక కొన్నేళ్ల కిందటి సంగతి చెప్పాలి. ఆయన ఎవరో ఈ పట్టణానికి తెలిసిన సంగతి అది.

పట్టణం పెరుగుతోంది. శివారులో బీడీ కార్మికురాళ్లకు ఏనాడో సర్కారు ఇచ్చిన ఇళ్లజాగాల పక్కనుంచి పెద్ద రోడ్డు పడింది. రోడ్డు పడగానే ఒక స్థలాల వ్యాపారికి ఆ జాగాల మీద కన్ను పడింది. కాగితాల పేచీ ఏదో సృష్టించాడు. కోర్టులో తేలేలోపే ఆడవాళ్లను బెదరగొట్టి కంచె వేసేస్తే పని సులువవుతుందనుకున్నాడు. బెదరగొట్టడానికి దేహాలు కావాలి. ఉస్తాద్ తాలీంలో దేహాలున్నాయి.

వ్యాపారి స్వయంగా ఉస్తాద్ ఇంటికి వచ్చాడు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. సాయవ్వ చాయ్ పోసింది. కూలబోతున్న తాలీం స్థానంలో పక్కా భవనం కట్టిస్తాననీ, ఉస్తాద్ పేరు రాయిస్తాననీ, ఆయనకు సొంత ఇల్లు ఇస్తాననీ, పిల్లలకు నెలనెలా జీతాలిస్తాననీ అన్నాడు.

"కొట్టుడు లేదు, తిట్టుడు లేదు ఉస్తాద్. ఒక్క పొద్దు నీ పోరగాండ్లను తీస్కొచ్చి ఊకె నిలవడుర్రి. గంతే."

ఉస్తాద్ నెమ్మదిగా అన్నాడు: "సేట్, కుస్తీల మేము ముందుగాల నేర్పేది నిలవడుడే. యాడ నిలవడాలెనో తెల్వకపోతే మిగిలిన పట్లన్నీ దండుగ. నాతోని కాదు."

వ్యాపారి వెళ్లాక సాయవ్వ ఊరుకోలేదు. బీడీల చేటను పక్కకు నెట్టేసింది.

"ఇల్లిస్తనంటే వద్దంటివా? నా చేతి ఏళ్లు సూడు, వంగుతలెవ్వు. ఇంకెన్నేండ్లు సుట్టాలె నేను? నీ నీతికేం, నువ్వు మంచిగనే ఉంటవ్. దాని కిరాయి కట్టేది నేను."

ఉస్తాద్ తల దించుకున్నాడు. ఆయన తల దించడం నేను చూసింది అదొక్కసారే. మళ్లీ ఆమే అడిగింది: "గా జాగలల్ల ఉన్నదెవలు?"

"బీడీలు జేసెటోళ్లు. నీ అసోంటోళ్లే."

సాయవ్వ చేటను మళ్లీ ఒడిలోకి లాక్కుంది. ఒక ఆకు కత్తిరించింది, తంబాకు వేసి చుట్టింది, దారం కట్టింది. "ముందుగాల్నే సెప్పకపోతివి. వానికి చాయెందుకు వోస్తుంటి?" అన్నది.

వ్యాపారి ఉస్తాద్‌ను వదిలి శిష్యుల వెంటపడ్డాడు. ఉద్యోగాలు లేని పిల్లలు, ఇళ్లల్లో అవసరాలు. చాలామంది ఒప్పుకున్నారు. వారిలో ఉస్తాద్ కన్నబిడ్డలా పెంచిన పోశెట్టి కూడా ఉన్నాడు. ఇది రాయమని నాకు చెప్పినవాడు పోశెట్టే.

కంచె వేసే రోజు ఉదయం ఉస్తాద్ తెల్లధోవతి కట్టి, ఎర్రరుమాలు చుట్టి, ఒక్కడే ఆ జాగాల వైపు నడిచాడు. నేను వెంట వెళ్లాను. రేకుల ఇళ్ల ముందు ఆడవాళ్లు పిల్లలను చంకనెత్తుకుని నిలబడి ఉన్నారు. ఎదురుగా జీపుల దగ్గర మా తాలీం పిల్లలు. మధ్యలో ఖాళీ నేల. ఉస్తాద్ వెళ్లి ఆడవాళ్ల ముందు నిలబడ్డాడు.

వ్యాపారి మనిషి ఒకడు, "ఏం సూస్తున్నర్రా? ముసలోన్ని పక్కకు జరుపుర్రి" అని అరిచాడు. తాలీం పిల్లలు అడుగు ముందుకు వేశారు. ఉస్తాద్ గొంతు పెంచలేదు. తాలీంలో ఎలా మాట్లాడేవాడో అలాగే అన్నాడు:

"మొక్కకుండనే దిగుతున్నరేంది బిడ్డా? గదిగూడ మర్సిపోయిండ్రా?"

బరిలో దిగేముందు మట్టికీ గురువుకీ మొక్కడం మా ఒంట్లో జీర్ణించిన నియమం. ముందు ఒకడు వంగాడు. తర్వాత మరొకడు. ఆలోచించి చేసిన పని కాదది, చేతులు వాటంతటవే నేలను తాకాయి. పోశెట్టి వచ్చి ఉస్తాద్ పాదాలు పట్టాడు. పట్టినవాడు లేవలేకపోయాడు. ఆ రోడ్డు దుమ్ములో ఆరడుగుల మనిషి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఉస్తాద్ అతని వీపు మీద చేయి వేసి, "లే. ఇంటికి పో. మీ అవ్వ ఎదురుసూస్తది" అన్నాడు. కాసేపట్లో జీపుల దగ్గర వ్యాపారి మనుషులు తప్ప ఎవ్వరూ మిగల్లేదు. ఆ రోజు కంచె పడలేదు. తర్వాత కోర్టులోనూ తీర్పు ఆడవాళ్ల పక్షానే వచ్చింది.

దానికి మూల్యం లేకపోలేదు. తాలీం ఉన్నది కిరాయి జాగాలో. వ్యాపారి దాన్ని కొనేసి రేకులు విప్పించాడు. మేము దుఃఖంతో చూస్తుంటే ఉస్తాద్ మాత్రం పార అందుకుని, "రేకులు వానియి, మన్ను మనది. ఎత్తుర్రి" అన్నాడు. బోధన్ దారిలో ఒక చెరకు రైతు తన చేను అంచున జాగా ఇచ్చాడు. ట్రాక్టర్లో మట్టి తోలుకుని వెళ్లాం. నిజామాబాద్ నుంచి అక్కడికి రోజూ వచ్చి పాఠం చెప్పాడు, తుదిశ్వాస దాకా. కిరాయి ఇంట్లోనే బతికాడు, కిరాయి ఇంట్లోనే కన్నుమూశాడు.

సిగ్గుతో పోశెట్టి కంచె వేయబోయిన ఆ రోజు నుంచి కనిపించడం మానేశాడు. ఉస్తాదే వెతుక్కుంటూ అతని ఇంటికి వెళ్లాడు. నిష్ఠూరమాడతాడని ఇంట్లోవాళ్లు భయపడ్డారు. ఆయన మాత్రం గడపలోనే నిలబడి, "మోకాలు నొస్తుందంటివి, తగ్గిందా?" అని అడిగాడు. మర్నాటి నుంచి పోశెట్టి నడిపే ఆటోలోనే ఉస్తాద్ తాలీంకు వచ్చాడు.

అంత్యక్రియల రోజు పనిదినం. బీడీ కార్ఖానాలో ఆకు ఇచ్చే రోజు కూడా. ఆ రోజు వెళ్లకపోతే వారం కూలి పోయినట్టే. అయినా ఆ శివారు ఇళ్ల నుంచి ఆడవాళ్లంతా వచ్చారు. మంత్రులు రాలేదు, సంతాప తీర్మానాలు లేవు. పాడె మోయడానికి శిష్యులు పోటీపడుతుంటే ఆ ఆడవాళ్లు మమ్మల్ని పక్కకు జరిపి, కొంత దూరం తామే మోశారు. ఆచారం కాదని ఎవరో గొణిగితే, "మా ఇండ్ల ముంగట నిలవడ్డప్పుడు ఆచారం అడిగిండా ఆయన?" అని ఒకామె కసిరింది.

దినకర్మలు ముగిసిన సాయంత్రం మేమంతా ఉస్తాద్ ఇంటి ముందు దిగాలుగా కూర్చున్నాం. తాలీం ఇక నడుస్తుందా అన్న ప్రశ్న అందరిలో ఉంది, ఎవరికీ అడిగే ధైర్యం లేదు. సాయవ్వ లోపలి నుంచి వచ్చి మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది.

"ఏడ్సింది సాలు. పోరగాండ్లు ఎన్ని దినాలు కసరత్తు లేకుంట కూసుంటరు? రేపు పొద్దుగాల్నే షురూ జేయుర్రి."

మరునాడు చెరకు ఆకుల మీద మంచు ఆరకముందే తాలీంకు చేరుకున్నాం. పోశెట్టి మట్టి తవ్వాడు, నేను నీళ్లు చల్లాను. ఇద్దరు పిల్లలను బరిలోకి దించాం. మంచి కుస్తీ పట్టారు. సన్నవాడు బలమైనవాణ్ణి భుజం మీదుగా విసిరే ధోబీపాట్ వేసి పడేశాడు. అలవాటు ప్రకారం ఇద్దరూ ఒకేసారి ఉస్తాద్ కూర్చునే గట్టు వైపు తల తిప్పి చూశారు, శబాష్ కోసం. గట్టు మీద ఎవరూ లేరు.

శబాష్ అనే ఆ గొంతు మాకెవరికీ లేదు. ఎన్నేళ్లు సాధన చేసినా రాదు. ఆ సత్యం గుండెలో గుచ్చుకుంటుండగానే మట్టికి మొక్కి, ఆ మహనీయునికి మనసులో ప్రణమిల్లి, మరో కుస్తీకి పిల్లల చేతులు మళ్లీ కలిపాను.