మోచేతి దాకా కల్పన

పెనుకొండలో ఆడపిల్లల కోసం కట్టిన కొత్త బాస్కెట్‌బాల్ కోర్టును ప్రారంభిస్తూ, కమిటీ అధ్యక్షుడు మార్కండేయులు సారు బంతిని రింగు వైపు విసిరాడు. బంతి పోయి రింగుకూ బోర్డుకూ మధ్య ఇరుక్కుంది. దాన్ని దించడానికి సారు కుడికాలి బూటు విప్పి విసిరాడు. బూటు పోయి బంతి పక్కన కూర్చుంది. సారు స్వాగతోపన్యాసం ఒంటి బూటుతోనే చేశాడు. చెప్పవలసిన మాటల్లో ఒక్కటీ తగ్గించలేదు.

ఉపన్యాసం అయ్యాక మైకులో పిలుపు వచ్చింది.

"ఆ పొడుగామె యాడుండాది? కల్పనా, ఇట్ల రా తల్లీ."

కల్పన మూడో వరసలోంచి లేచింది. శాలువా కప్పుతారేమోనని, పొట్టి సారుకు అందేటట్టు మెడ కూడా కొంచెం వంచింది. సారు పైకి వేలు చూపించాడు.

"ఆ బూటు దించమ్మా."

కల్పన ఇంకో బంతి తీసుకుని, ఒక్కసారి చూసి, కింది నుంచి కొట్టింది. బంతీ బూటూ రెండూ రాలినాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. పొద్దుటి సభలో ఆమెకు దక్కిన సన్మానం అదే.

వెనక్కి తిరిగి వస్తూ ఫ్లెక్సీ చూసింది. 'మన మహిళా లీగ్ చరిత్రలో మహా క్రీడాకారిణులు' అని రాసి, నాలుగు ఫోటోలు వేశారు. నడిమధ్యన అన్నింటికన్నా పెద్దది మాధవీలతది. గాలిలోకి లేచి బంతి అందుకుంటోంది. ఆ బంతిని అప్పుడే వదిలిన చెయ్యి ఒకటి అంచున కనిపిస్తోంది. మోచేతి దాకా ఉంది. మోచేతి దగ్గర ఫ్లెక్సీ అయిపోయింది.

మణికట్టుకు ఎర్రదారం ఉంది. కదిరి తిరునాళ్లలో కట్టించుకున్న దారం.

ఆమె వచ్చి కూర్చోగానే పక్కనున్న మొగుడు నాగేష్ ఫ్లెక్సీని కళ్లు చిట్లించి చూశాడు. "అది నీ చెయ్యే కదా?"

"ఊ."

"మిగతాదేమైందే?"

"ఈడ కుర్చీలో కూచోనుండాది."

కల్పనది ఆమడగూరు పక్క పల్లె. నాయన నరసప్పకు గొర్రెల మంద ఉండేది. బడి లేనప్పుడు మంద వెనక తిరగడం ఆమె పని. చేను మీదికి పోయే గొర్రెను మళ్లించాలంటే మట్టిపెళ్ల విసరాలి. గొర్రెకు తగిలితే నరసప్ప ఊరుకోడు. అది ఇంకో నాలుగడుగులకు యాడుంటుందో చూసుకుని, దాని ముందర పడేటట్టు వెయ్యాలి. కల్పనకు బాస్కెట్‌బాల్ నేర్పింది ఎవరని అడిగితే, నిజానికి గొర్రెలనే చెప్పాలి.

ఆ రోజుల్లో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఊళ్లకు మూడు జట్లుండేవి. జీతమిచ్చి ఆడించేవాళ్లు. కల్పన హిందూపురం జట్టులో చేరింది. ధర్మవరం పట్టుచీరల వ్యాపారి కూతురు మాధవీలత అప్పటికే ఆ జట్టుకు కెప్టెన్. కల్పన బంతిని ఎవరూ లేని చోటికి విసిరేది. "ఎవురికేసిందప్పా ఈ పిల్ల?" అని జనం అనుకునేలోపల మాధవీలత ఆడ ప్రత్యక్షమయ్యేది. బంతి రింగులో పడేది. చప్పట్లు మాధవీలతకు, ఫోటో మాధవీలతకు. కల్పన జీతం ఇంటికి పంపి, చెమట తుడుచుకునేది. తర్వాత లీగ్ మూతపడింది, పెళ్లయింది. ఇప్పుడు ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో సీట్లు బిగించే లైన్లో పని.

ఇన్నేళ్లూ ఆమెకు పెద్ద బాధేమీ లేదు. పొద్దున మాధవీలత మైకులో ఆ మాట అనకపోయి ఉంటే ఇప్పుడూ ఉండేది కాదు.

"కల్పనా? పాపం, మంచి పిల్ల. నాకు బంతులు అందించేది."

హోటల్లో నీళ్లందించే పిల్లను గురించి చెప్పినట్టు చెప్పింది. అందులోనూ ఆ 'పాపం' అరికాల్లో విరిగిన తుమ్మముల్లులాగా దిగింది.

సభ అయ్యాక, బూటు తొడుక్కుంటూ మార్కండేయులు సారు ఆమెను పక్కకు పిలిచాడు. కోర్టు గోడకు మహా క్రీడాకారిణుల పేర్లతో బండ నిలబెట్టారు. నాలుగు పేర్లు చెక్కి ఉన్నాయి. అయిదో పేరుకు చోటు ఖాళీగా ఉంది.

"అది నీదే అంటాండా నేను. కమిటీవాళ్లేమో ఆమె బాస్కెట్లే వెయ్యలేదంటాండారు. సాయంత్రం పాతోళ్ల మ్యాచ్ ఉండాది కదా, నాలుగు బాస్కెట్లు వెయ్యి తల్లీ. వాళ్ల నోళ్లు నేను మూయిస్తా. బండ చెక్కే కుళ్లాయప్ప ఈడే ఉంటాడు."

కల్పన ఆ ఖాళీ చోటును చేత్తో తడిమి చూసింది. రాతి మీద నరసప్ప కూతురి పేరు. నాలుగంటే నాలుగే. వేసి తీరాలనుకుంది.

భోజనాల దగ్గర మాధవీలత పలకరించింది. "కల్పనా, అప్పటి మాదిరే వెయ్యి పాపా. నన్ను చూసేదానికి ధర్మవరం నుంచి వ్యానేసుకోని వస్తాండారు మావాళ్లు."

కల్పన ఆమెను పైనుంచి కిందికి చూసి, మెల్లగా నవ్వింది. "అట్లనే అక్కా. అచ్చం అప్పటి మాదిరే."

నాగేష్ చేతిలో ముద్ద ఆగిపోయింది. ఆ నవ్వు అతనికి తెలుసు. కూరలో ఉప్పెక్కువైందని ఒకసారి అన్నందుకు వారం పాటు చప్పిడి కూర తిన్నవాడు.

మ్యాచ్ మొదలైంది. మొదటి బంతి కల్పన చేతికి రింగు కిందే వచ్చింది. చుట్టూ ఎవరూ లేరు, చెయ్యెత్తితే చాలు. గోడ దగ్గర కుళ్లాయప్ప ఉలి పట్టుకుని ఉన్నాడు. సారు నాలుగు వేళ్లు చూపిస్తున్నాడు.

కల్పన రింగును చూసింది, బండను చూసింది, మాధవీలతను చూసింది. బంతిని అవతలి మూలకు విసిరింది.

ఎవరూ లేని చోటికి. మాధవీలత పరిగెత్తింది. ఆమె సగం దూరం పోయేసరికి బంతి గీత దాటిపోయింది. తర్వాతిది కుడివైపుకు. ఆ తర్వాతిది ఎడమకు, ఆనక మళ్లీ రింగు కిందికి. ఒక్కటీ తప్పుడు బంతి కాదు. ఒకప్పటి మాధవీలత అయితే ప్రతిదీ పువ్వు కోసినట్టు అందుకునేది. ఇప్పటి మాధవీలత ప్రతిదాని వెనకా రొప్పుతూ, పిన్నులూడిన జుట్టును వెనక్కి తోసుకుంటూ పరిగెత్తింది.

"నువ్వెయ్యే, ఒక్కటన్నా నువ్వెయ్యే!" నాగేష్ గొంతు బొంగురుపోయింది.

కల్పనకు వినబడింది. ఇంకో రెండుసార్లు రింగు ఎదురుగా ఖాళీ దొరికింది. రెండుసార్లూ చెయ్యి లేవబోయింది. రెండుసార్లూ ఆ 'పాపం' గుర్తొచ్చింది. బంతి మళ్లీ మూలకే పోయింది.

వ్యాన్లో వచ్చినవాళ్లు మొదట ఈలలేశారు. తర్వాత సద్దుమణిగారు. చివరికి వాళ్లలోనే ఒక ముసలామె గట్టిగా అనేసింది. "ఆ పొడుగుపిల్ల సరిగ్గానే ఏస్తాంది కదమ్మా. మన పిల్లకేమొచ్చింది?"

ఆ మాట కోర్టంతా వినబడింది. కల్పనకు ఎండాకాలంలో కుండనీళ్లు తాగినంత హాయిగా ఉంది. మాధవీలత మోకాళ్లు పట్టుకుని కోర్టు నడుమ కూలబడితే, నీళ్ల సీసా తనే తెచ్చింది. ఈసారి మటుకు చేతికే అందించింది.

గోడ దగ్గర కుళ్లాయప్ప ఉలి, సుత్తి గోనెసంచిలో వేసుకుని, మూతి బిగించి కట్టాడు. అది చూసినప్పుడు కల్పనకు గుండెలో కలుక్కుమంది. అబద్ధమెందుకు, కొంచెం గట్టిగానే కలుక్కుమంది. సారు తల అడ్డంగా ఊపుతూ వెళ్లిపోయాడు. నాగేష్ తాళం వేలికి తిప్పుకుంటూ బండి దగ్గరికి నడిచాడు.

కొళాయి దగ్గర మొహం కడుక్కుంటున్న కల్పన దగ్గరికి మాధవీలత కుంటుకుంటూ వచ్చింది.

"ఒక్కటన్నా నా చేతికేసినావా? మా ఊరోళ్ల ముందర పరిగెత్తించి పరిగెత్తించి సంపినావు కదే."

కల్పన కొళాయి కట్టేసి, తువ్వాలుతో మెడ తుడుచుకుంది.

"అప్పుడు నువ్వు యాడ అందుకుంటాంటివో, అన్నీ ఆడికే వేస్తినక్కా."