అవతలివాళ్ల ఫిర్యాదు

నా చిన్నప్పుడు నాకు జరిగిన అన్యాయాలన్నీ ఇప్పటికీ వరుస తప్పకుండా గుర్తున్నాయి. మూడో తరగతిలో ప్రార్థన పాటకు నన్ను నిలబెట్టి, సగంలో ఆపి, పక్క బెంచీ అమ్మాయిని పిలిచిన టీచరమ్మ గుర్తుంది. మేనత్త పెళ్లిలో సరిగ్గా నా విస్తరి దగ్గరికి వచ్చేసరికి ఖాళీ అయిన లడ్డూల గంప గుర్తుంది. వీటన్నిటికంటే పెద్దది మా నాయనమ్మ తీసుకున్న రేకు డబ్బా.

బిస్కెట్ల డబ్బా అది, మూత మీద నెమలి బొమ్మ ఉండేది. అందులో నేను సోడా సీసాల మూతలు, రంగు గాజుముక్కలు దాచుకునేదాన్ని. ఒక శనివారం మధ్యాహ్నం బడి నుంచి వచ్చి చూస్తే నా మూతలన్నీ కిటికీ గట్టు మీద కుప్పగా పోసి ఉన్నాయి. డబ్బాలో నాయనమ్మ వక్కలున్నాయి. నన్ను ఒక్క మాట అడగలేదు. సంచి అక్కడే పడేసి, న్యాయం చెప్పించుకోవడానికి తాతయ్య దగ్గరికి బయలుదేరాను.

మా తాతయ్య నాచారంలో బీరువాలు చేసే ఒక షెడ్డుకు మేస్త్రీ. ఇంటి నుంచి రెండు వీధులు నడిస్తే చాలు, రేకుల చప్పుడే దారి చూపించేది. ఆ రోజు చప్పుడు లేదు. లోపల పనివాళ్లందరూ గోడ వారగా నిలబడి ఉన్నారు. మధ్యలో ఇద్దరు, రేకుల తాత, రంగుల అన్న. అవి నేను పెట్టుకున్న పేర్లు. రేకుల తాత అరవై దాటిన మనిషి, కొయ్య సుత్తితో తలుపు రేకును చదును చేసేవాడు. అరచేత్తో ఒక్కసారి తడిమి, ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం చెప్పేసేవాడు. రంగుల అన్న ఐటీఐ చదివి ఏడాది క్రితమే పనిలో చేరాడు. రోజూ లాలాపేట నుంచి సైకిలు మీద వచ్చి, గాలి మిషనుతో రంగు కొట్టేవాడు.

ఏదో హాస్టలు కోసం చేసిన బీరువాల్లో నాలుగు తలుపులు, రంగు ఆరాక, గాలికి కదిలే నీళ్లలా అలలు అలలుగా కనిపించాయి. రేకు చదును కాలేదని చిన్నవాడు, రంగు దళసరిగా కొట్టాడని పెద్దవాడు. ఆ పొద్దున చిన్నవాడు పొడవాటి వైరుతో బల్బు తెచ్చి, తలుపు పక్కన పట్టుకుని, పల్లం ఉన్నచోటల్లా సుద్దముక్కతో సున్నా చుట్టి అందరికీ చూపించాడట. పెద్దవాడు సుత్తి విసిరికొట్టాడట. యజమాని వచ్చి చూసి, సాయంత్రంలోగా ఇద్దరిలో ఒకణ్ణి ఇంటికి పంపెయ్యమని, ఎవరినో నువ్వే తేల్చుకోమని తాతయ్యకు చెప్పి వెళ్లిపోయాడు. పెద్దవాడికి ఆ వయసులో ఇంకెవరూ పని ఇవ్వరు. చిన్నవాడి జీతం మీద ఊళ్లో తల్లి, చదువుకుంటున్న తమ్ముడు ఆధారపడి ఉన్నారు.

నాకు అవేవీ పట్టలేదు. “తాతా, నాయనమ్మ నా డబ్బా...” అని మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

“నీది గూడ ఫిర్యాదేనా బిడ్డా? అయితే వరుసల కూసో.”

రంగు వేయని రెండు బీరువాలను నేల మీద పడుకోబెట్టించి, వాటి మీద ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. మిగిలినవాళ్లను అన్నం తినమని బయటికి పంపాడు. నేను కదల్లేదు, నా వంతు ఇంకా రాలేదు కదా. అప్పుడు తాతయ్య ఒక వింత షరతు పెట్టాడు. ఎవరి ఫిర్యాదు వాళ్లు చెప్పకూడదు. పెద్దవాడి ఫిర్యాదు చిన్నవాడు చెప్పాలి, చిన్నవాడిది పెద్దవాడు చెప్పాలి. అదీ ‘నేను’ అంటూ చెప్పాలి.

రేకుల తాత నవ్వాడు, మంచి నవ్వు కాదు. “గీ పోరనికేం ఫిర్యాదు? వానికి బల్బున్నది గద.”

“అది నీ మాట. వాని మాట జెప్పు” అన్నాడు తాతయ్య.

“నా సుత్తికి వంకలు వెడ్తడు, గదే వాని మాట.”

“అదిగూడ నీ మాటనే.”

 చివరికి పెద్దాయన నేల చూస్తూ, ఒక్కొక్క మాట కూడదీసుకుంటూ మొదలుపెట్టాడు. “నేను... పొద్దుగాల్ల అందరికంటె ముంగట వస్త. నమస్తె అంటే గీ ముసలోడు మొకం తిప్పుకుంటడు. తప్పయితే అందరు నా దిక్కే జూస్తరు. మంచిగయితే ఒక్కడు జూడడు. నా పేరు గూడ వీడు ఇంతవరకు పిలువలే, పోరడా అంటడు.” చెప్పడం ఆపి ఆశ్చర్యంగా పైకి చూశాడు. అదంతా తనకు ముందునుంచీ తెలుసన్న సంగతి ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది.

తర్వాత రంగుల అన్న. “ఈ షెడ్డు మొదలైనప్పటిసంది రేకు నా చేతులనే ఉన్నది. నిన్నగాక మొన్న వచ్చినోడు బల్బు పట్టి నా పనికి సున్నాలు సుట్టిండు.” ఇక్కడిదాకా గబగబా చెప్పి, గొంతు తగ్గించాడు. “కండ్లు మునుపటి లెక్క కనవడ్తలేవు. అందరికి ఎరుకైతదేమోనని నాకు బుగులు.”

తాతయ్య కూడా ఆ మాట ఊహించినట్టు లేదు. రేకుల తాత తన అరచేతుల వంక చూసుకుంటూ అడిగాడు. “నీకెట్ల ఎరుక?”

“సుత్తి కోసం నేల తడుముతవు పెద్దయ్యా. మా అమ్మ గూడ గట్లనే తడుముతది.”

“ఎరుకుండి గూడ అందరి ముంగట సున్నాలు సుట్టినవా?”

“కోపంల జేసిన. తప్పయింది.”

ఆ మధ్యాహ్నం బల్బు రంగు గదిలోంచి సుత్తి బల్ల దగ్గరికి మారింది. చిన్నవాడు ఏటవాలుగా వెలుగు పట్టుకుంటే, పెద్దవాడు నీడ పడ్డచోట చేయి వేసి, సుత్తి వేశాడు. ఒక తలుపు గీకి చూస్తే రంగు దళసరి అన్న మాటలోనూ కొంత నిజముందని తేలింది. అది చూసి పెద్దాయన మీసం ఒకసారి దువ్వుకున్నాడు. సాయంత్రం యజమాని వచ్చి ఎవరిని పంపుతున్నావని అడిగితే, తాతయ్య కొత్తగా రంగు వేసిన తలుపు ముందు ఆయన్ని నిలబెట్టాడు. అందులో ఆయన ముఖం వంకర లేకుండా కనిపించింది. “ఎవల్ని పంపినా గీ తలుపు సగమే అయితది. మీరే జెప్పున్రి” అన్నాడు. యజమాని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. సోమవారం పనికి ఇద్దరూ వచ్చారు.

సైకిలు వెనక కూర్చుని ఇంటికి వస్తుంటే తాతయ్య అన్నాడు, “ఇగ నీ వంతు. నాయనమ్మ లెక్క జెప్పు.” నాకు ఒళ్లు మండింది.  ఇంటి ముందు దిగాక, గోడకేసి చూస్తూ చెప్పాను. “నా వక్కల డబ్బా మూత ఈ పిల్ల తొక్కుడుబిళ్ల ఆటకు పట్కపోయి పోగొట్టింది. వక్కలన్ని మెత్తబడ్డయి. అడిగితే నాకేం ఎరుక అన్నది.” ఆ మూత సంగతి నాయనమ్మకు తెలుసని నాకు తెలుసు. నాకు తెలుసని అప్పటిదాకా నాకే తెలియదు. తాతయ్య సైకిలు గోడకు ఆనించాడు. నాయనమ్మ డబ్బా తిరిగి ఇవ్వలేదు. మూత పోగొట్టింది నేనే, ఒప్పుకున్నాను. కానీ ఆవిడ అడిగి తీసుకోవలసింది. అదీ నేను మరిచిపోలేదు.

ఇప్పుడు నేను అదే నాచారంలో మసాలా పొట్లాలు కట్టే యూనిట్లో సూపర్‌వైజర్ని. నాతోపాటు చేరి జుట్టు నెరిసినవాళ్లున్నారు, నాగోలు హాస్టళ్ల నుంచి మెట్రో ఎక్కి వచ్చే ఇరవై ఏళ్ల పిల్లలున్నారు. ఎవరు ఏ షిఫ్టు, ఎవరు ఏ బల్ల అన్నది రోజూ సాయంత్రం నల్లబోర్డు మీద నేనే రాసేదాన్ని. మొన్న వానాకాలంలో కొత్త మేనేజరు వచ్చాడు, మా చిన్నబ్బాయి ఈడువాడు. వారం తిరక్కముందే ఒక పొద్దున వచ్చి చూస్తే బోర్డు తుడిచేసి ఉంది. పట్టిక అందరి ఫోన్లలోకి వచ్చేసింది. నన్ను ఒక్క మాట అడగలేదు.

పైవాళ్లకు ఫిర్యాదు రాశాను, మూడు పేజీలు. పని మానేస్తున్నానని చివర ఒక వాక్యం కూడా రాశాను. ఇవ్వడానికి వెళ్తుంటే, మెట్ల మీద, ‘అది నీ మాట’ అన్న తాతయ్య గొంతు వినిపించింది. కాగితం మడిచి, నేరుగా అతని గదికి వెళ్లి, నిలబడే చెప్పాను. “నేను కొత్తగా వచ్చిన. ఏం జెప్పినా ఈ మేడం, మా కాలంల గిట్ల లేదు అంటది. రేపు ఏ షిఫ్టో సాయంత్రం దాకా తెలువక పిల్లలు నాకు ఫోన్లు జేసెటోళ్లు. నేను మంచి చేద్దామనుకుంటే ఎవరూ నమ్ముతలేరు.”

అతను తెల్లబోయాడు. తాతయ్య షరతు చెప్పాక కుర్చీలోంచి లేచి, నా ఫిర్యాదు మొదలుపెట్టాడు. “ఎవరికి నడుము నొప్పో, ఎవరికి ఎవరితో పడదో నాకు తెలుసు. సీలింగ్ మిషను వేడి దగ్గర కడుపుతో ఉన్న అమ్మాయిని ఎప్పుడూ కూర్చోబెట్టలేదు. అదంతా తుడిచేసిన్రు.” తన మాటలు తనే విని ఆగి, “మేడం, నిన్న ఆ అమ్మాయిని అక్కడే వేసిన కదా” అన్నాడు.

అతను క్షమాపణ అడగలేదు, అది నేను గుర్తుపెట్టుకున్నాను. కానీ ఆ రోజు నుంచి సాయంత్రం నాలుగు గంటలకు ఫోను పట్టుకుని నా బల్ల దగ్గరికి వస్తాడు. “రేపటికి ఎట్ల వేద్దాం మేడం?” అని అడుగుతాడు. నేను చెప్తాను, అతను నొక్కుతాడు. ఐదు కాకముందే పిల్లలకు మెసేజ్ పోతుంది. నెరిసిన జుట్టువాళ్లకు ఫోనులో అక్షరాలు పెద్దవి చెయ్యడం ఆ పిల్లలే నేర్పుతున్నారు. మూడు పేజీలూ నా సంచిలోనే ఉన్నాయి, పారెయ్యలేదు.

నా ఫిర్యాదులు నాకు కంఠతా వచ్చు, అవి పోయేవి కావు. తాతయ్య పుణ్యమా అని ఇప్పుడు ఒక్కొక్కదాని పక్కన అవతలివాళ్లది కూడా కంఠతా వచ్చేసింది. రెండూ ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకునేసరికి, పోట్లాడటానికి మెట్లెక్కినదాన్ని పని మాట్లాడి దిగుతున్నాను.