అంతరిక్షంలో చెంబు లేదు

మా అమ్మాయి బడి నుంచి రాగానే బూట్లతోనే బాత్రూములోకి పరుగెత్తేది. పొద్దుటి నుంచీ బిగబట్టుకున్నది మరి. ఆ సింగపూరు బళ్లో కడుక్కోవడానికి నీళ్లుండవు, కాగితమే. అందుకని నేను సంచీలో ఒక నీళ్లసీసా పెట్టేదాన్ని. అది పట్టుకుని వెళ్తుంటే పిల్లలు నవ్వారట. ఇలాగే బిగబడితే జబ్బు చేస్తుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నాకు కంటి మీద కునుకు లేదు.

ఐటీ మంచి ఊపు మీదున్న రోజులవి. మా సాఫ్ట్‌వేర్ మహానుభావుడు చిటికెలో పరిష్కారం చెప్పారు, అందరిలా కాగితం వాడమని. చెప్పేవి శ్రీరంగనీతులు! ఆఫీసులో ఈయన ఫైలు చాటున సీసా దాచుకుని వెళ్తారు. మేముండే సెంగ్‌కాంగ్ పేటలో మాకు తెలిసిన తెలుగు ఇంజినీర్లందరిదీ అదే బతుకు. బ్యాంకుల కంప్యూటర్లన్నీ వీళ్ల చేతిలోనే ఉన్నాయట. సీసా మాత్రం చంకలో ఉంటుంది.

అంతలో క్లాసులో ఏదైనా ఒక విషయం మీద మాట్లాడాలన్నారు. మిగతా పిల్లలు డైనోసార్లూ పాండాలూ ఎంచుకుంటే, మా వంశోద్ధారకురాలు వ్యోమగాములు దొడ్డికి ఎలా వెళ్తారన్నది ఎంచుకుంది. ఇక రోజూ అన్నాల దగ్గర అదే పారాయణం. అక్కడ అన్నీ తేలతాయట. కాళ్లు పట్టీల్లో దూర్చి చిన్న కన్నం మీద కూర్చుంటే గాలి లాగేస్తుందట. మూత్రానికి వేరే గొట్టం. మిగతాది మూటగట్టి చెత్త ఓడలో పంపేస్తే ఆకాశంలోనే కాలిపోతుందట. మా ఆయన పప్పుచారు పక్కకి జరిపేవారు.

మాట్లాడే రోజు తల్లిదండ్రుల్నీ పిలిచారు. మా వాక్యూమ్ క్లీనర్ గొట్టం పట్టుకుని, కుర్చీకి కాళ్లు కట్టుకుని మరీ చెప్పింది. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. మరి శుభ్రం చేసుకోవడం ఎలా అని టీచరు అడిగింది. నీళ్లు పోస్తే తేలిపోతాయి కాబట్టి తడి కాగితంతో తుడుచుకోవడమే అంది మా పిల్ల.

ముందు వరసలో, అప్పుడు సీసాని చూసి నవ్విన పిల్లే, ఛీ అంది. మా అమ్మాయి తాపీగా కాళ్ల కట్టు విప్పుకుంది, సంచీలోంచి సీసా తీసి అందరి ముందూ బల్ల మీద పెట్టింది.

"దే గాట్ నో వాటర్ లా. ఐ గాట్," అంది అచ్చం సింగపూరు పిల్లల ఇంగ్లీషులో.

ఎవరూ నవ్వలేదు.

మర్నాడు బడి నుంచి వచ్చి తీరిగ్గా బూట్లు విప్పింది, అరలో సర్దింది, తినడానికేముందని అడిగింది. సంచీలో సీసా ఖాళీ. ఆనందంతో నాకు ఏడుపొచ్చింది. రాత్రి ఆ సంగతి చెప్పి, మరి మీ ఆఫీసులో ఉపన్యాసం ఎప్పుడని మా ఆయన్నడిగాను. ఆయన రేపటికి కాస్త పెద్ద ఫైలు వెతుక్కుంటున్నారు.