మురుగు కాలువ గట్టు మీద దేవదానం మాస్టారు

మొన్న వాన వెలిసిన పొద్దున కిటికీ తలుపు తీయగానే, నీళ్ళలో కుళ్ళిన వరి దుబ్బుల వాసన కొట్టింది. ఆ వాసన తగిలితే నాకు దేవదానం మాస్టారు గుర్తుకు వస్తారు. ముక్తేశ్వరం దగ్గర మా హైస్కూల్లో ఆయన హెడ్మాస్టరు, నేను గుమాస్తాను. కూలి చేసుకునే ఇంట పుట్టి, మిషను బడిలో చదువుకుని పైకొచ్చిన మనిషి. ఆయన గొంతు పెంచగా నేను వినలేదు.

పదో తరగతికి చరిత్ర తనే చెప్పేవారు. హాజరు పట్టీల కోసం వెళ్ళి వరండాలో నిలబడి వినేవాణ్ణి. రెండు నదుల మధ్య సుమేరియన్లు కాలువలు తవ్వి విరగ పండించారని, చేలోకి నీరు తేవడం మీద ఉన్న శ్రద్ధ బయటికి పంపడం మీద లేకపోయిందని, కొన్ని తరాలకు నేల ఉప్పు తేలి గోధుమ పండడం మానేసిందని చెప్పేవారు. అంత తెలివైనవాళ్ళకు ఆ సంగతి తెలియలేదా అని ఒక పిల్ల అడిగింది. "తెలిసే ఉంటుందమ్మా. పక్కవాడు చూసుకుంటాడులే అనుకునుంటారు" అన్నారు.

తొంభైల చివర్లో ఒక ఏడాది, వరి పొట్ట మీదుండగా తుపాను వాన పడింది. చేల నీరు బయటికి పోయే మురుగు కాలువ పూడిపోయి పది రోజులైనా నీరు లాగలేదు. మునిగిన చేలల్లో నాదీ ఎకరన్నర ఉంది. ఊరివాళ్ళు కలెక్టరుగారికి అర్జీ టైపు చేయమన్నారు. అధికారుల నిర్లక్ష్యం మీద రెండు పేజీలు ఘాటుగా కొట్టి, ఊరి పెద్దగా సంతకం చేయమని మాస్టారి ముందు పెట్టాను. ఆయన చదివి, గొడుగు అందుకుని, కాలువ చూసొద్దాం రమ్మన్నారు.

గట్టు వెంట కొంత దూరం నడిచాక ఆగారు. అప్పటి మాటలు నా డైరీలో ఉన్నాయి కనుక ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

"ఈ కొబ్బరి మొక్కలు ఎవరివండీ?"

"మావేనండి."

"కాలవలోకి మట్టి పోసి వేసినట్టున్నారు."

"ఆయ్. అందరూ వేసేరు కదండీ. మాది మూడు గజాలే."

"మరి అర్జీలో ఈ సంగతి మర్చిపోయేరేంటండీ?"

అవి పదకొండు మొక్కలు, మా అమ్మ బిందెలతో నీళ్ళు మోసి పెంచినవి, మరుసటేడు కాపుకు రావలసినవి. రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఉద్యోగానికే ముప్పు రావచ్చు. మాస్టారు బలవంతపెట్టలేదు. మొదటి పేరాలో మీ సంగతి రాసుకోండి, రెండో పేరాలో ఆఫీసర్ల సంగతి చూద్దాం, అప్పుడు సంతకం పెడతాను అని మాత్రం అన్నారు.

రెండు రోజులు ఆ అర్జీని సొరుగులోనే ఉంచాను. మూడో రోజు మొక్కలు కొట్టించి, అర్జీ మళ్ళీ టైపు చేశాను. మా పెదనాన్నగారి అబ్బాయి సూర్రావు టీ కొట్టు దగ్గర "మా తమ్ముడు తన మీద తనే పితూరీ పెట్టుకున్నాడండోయ్" అని అందరినీ నవ్వించాడు. నవ్వినవాళ్ళలో ఆరుగురు సాయంత్రానికి వచ్చి తమ గజాలూ రాయించారు. సూర్రావు రాలేదు.

ఆ పంట దక్కలేదు. అధికారులూ చాలా నెలలకు గాని రాలేదు. వేసవిలో మేమే పారలు పట్టుకుని కాలువలోకి దిగాం. మాస్టారు పంచె ఎగ్గట్టి గట్టు మీద మట్టి తట్టలు అందుకున్నారు. మరుసటేడూ అంత వానే పడింది. నాలుగో రోజుకు నా చేలో వరి తల కనిపించింది.

మాస్టారు పోయి చాలా ఏళ్ళయింది. నేనూ రిటైరయ్యాను. రోడ్డు గురించో చెత్త గురించో అర్జీ రాసిపెట్టమని ఇప్పటికీ ఎవరో ఒకరు వస్తారు. నాకూ ఊరి మీద, ఇంట్లోవాళ్ళ మీద ఫిర్యాదులు లేకపోలేదు. కాగితం తీయగానే మొదటి పేరాకు చోటు వదులుతాను. దాన్ని నిజాయితీగా నింపాక, చాలాసార్లు రెండో పేరా అవసరం రాలేదు.